వారంటీ తీసుకోమన్నది నేనే

కారు షోరూముల్లో సర్వీస్ అడ్వైజరుగా చేరబోయే కుర్రాళ్ళు అప్పుడప్పుడూ అనకాపల్లిలో మా ఇంటికి వస్తుంటారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, జీతం ఎప్పుడు పెంచుతారు, ఇన్సెంటివు ఎలా లెక్కేస్తారు అని అడుగుతారు. తెలిసింది చెబుతాను, కాఫీ తాగి వెళ్ళిపోతారు. అసలు ఆ ఉద్యోగం ఏమిటని మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. అడగలేదు కనకే రాస్తున్నాను.

అసలు ఉద్యోగం ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడం. కొత్త కారు తీసుకోడానికి మనిషి కుటుంబంతో సహా వస్తాడు. వాళ్ళ వాళ్ళ నమ్మకాన్ని బట్టి కొబ్బరికాయ కొట్టిస్తారు, లేకపోతే పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయిస్తారు. ఆ తర్వాత సేల్స్ వాళ్ళు బొత్తెడు కాగితాలు ముందు పెడతారు. ఆ గందరగోళంలోంచి అతను తలెత్తి అడ్వైజరు కేసి చూసి అడుగుతాడు: "ఈ ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటారా, వద్దంటారా?"

సేల్స్ కుర్రాణ్ణి అడగడు, వాడు అమ్మేవాడని తెలుసు. చొక్కా మీద గ్రీజు మరక ఉన్నవాణ్ణి అడుగుతాడు. వీడు బాగుచేసేవాడు, వీడికి అబద్ధం చెప్పాల్సిన పని లేదని అతని నమ్మకం. ఆ నమ్మకం సంగతి మా యాజమాన్యం కూడా కనిపెట్టింది. అందుకే వర్క్‌షాపులో ఉన్న నా టేబులు తీసుకొచ్చి డెలివరీ హాల్లో వేయించారు. చొక్కా మార్చుకోమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ వారంటీలో ఏముంది

నేను అడ్వైజరుగా పనిచేసింది రెండు వేల సంవత్సరం తర్వాతి రోజుల్లో. కొత్త రకం డీజిల్ కార్లు అప్పుడే మా ప్రాంతంలో పల్లెలకి పాకుతున్నాయి. పాత జీపుకి పల్లెలో సైకిల్ షాపు మేస్త్రి కూడా వైద్యం చేసేవాడు. ఈ కొత్త ఇంజన్లు అలాంటివి కావు. మూత తీసి చూస్తే వైర్లు తప్ప ఏమీ కనపడవు. అందులో డీజిల్ పంపు పోయిందంటే రైతుకి ఆ ఏడు చెరకు మీద వచ్చినదంతా దానికే పోతుంది. ఆ భయమే మా సరుకు.

కంపెనీ బండితో పాటు రెండేళ్ళ వారంటీ ఉచితంగా ఇచ్చేది. ఆ పైన ఇంకో రెండేళ్ళు కావాలంటే డబ్బు కట్టి కొనుక్కోవాలి. అదే ఎక్స్‌టెండెడ్ వారంటీ. అది శుద్ధ మోసం అని నేను అనను. ఇంజను, గేరుబాక్సు, డీజిల్ పంపు లాంటి పెద్ద భాగాలు పోతే నిజంగానే కంపెనీ ఖర్చుతో మార్చిన సందర్భాలు నా చేతుల మీదుగా చాలా జరిగాయి. కానీ ఆ పుస్తకంలో మొదటి పేజీ పెద్ద అక్షరాల్లో ఉండేది, చివరి పేజీ చీమల బారులా ఉండేది. ఏవేవి వర్తించవో ఆ చివరి పేజీలో ఉంటాయి. క్లచ్చి ప్లేటు వర్తించదు. రబ్బరు సామాను వర్తించదు. సర్వీసు తేదీ దాటితే వర్తించదు. బయట మెకానిక్కు చెయ్యి పెడితే వర్తించదు.

గవరపాలెం బెల్లం వ్యాపారి ఒకాయన కొత్త కారు డిక్కీలో బెల్లం దిమ్మలు వేసుకుని తిరిగేవాడు. ఎండకి బెల్లం కరిగింది, చీమలు పట్టాయి, వాటి వెనకే ఎలకలు వచ్చి లోపలి వైర్లన్నీ కొరికేశాయి. ఎలకలు కొరికితే వారంటీ వర్తించదని చెప్పాను. ఆయన నన్ను కింద నుంచి పై దాకా చూసి, "అమ్మినప్పుడు ఆ ముక్క సెప్పుంటే ఎలకలికి కూడా నోటీసిచ్చేవాణ్ణి కదయ్యా" అన్నాడు. షాపంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన కలిగినవాడు, వైర్లు మార్పించుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నవ్వకుండా ఆలోచించి ఉంటే బాగుండేది. అమ్మేటప్పుడు చివరి పేజీ ఎవరికీ చదివి వినిపించేవాళ్ళం కాదు. నేనైతే ఒక్కసారి కూడా వినిపించలేదు.

మేస్త్రి మాట

నాకు పని నేర్పింది అప్పారావు మేస్త్రి. మా వర్క్‌షాపు ఫోర్‌మన్. చదువు ఐదో క్లాసు, చెవి మాత్రం బంగారం. ఇంజను చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పేవాడు. బండి రిపేరుకి వచ్చినప్పుడు అడ్వైజరు రాసే కాగితాన్ని జాబ్ కార్డు అంటారు. అందులో బండి యజమాని ఏం చెప్పాడో రాయడానికి కొన్ని గీతలుంటాయి. మొదట్లో నేను ఆ గీతల మీద నా తెలివంతా రాసేవాణ్ణి. ఒకసారి "ఇంజను మిస్ ఫైర్" అని రాశాను. మెకానిక్కులు దాన్నే పట్టుకుని రెండు రోజులు ఇంజను విప్పారు. చివరికి పోయింది సైలెన్సరు.

అప్పారావు ఆ కార్డు తెచ్చి నా మొహం ముందు ఆడించాడు. "ఆ రైతు నీకేటి సెప్పేడు?"

"బండి దగ్గుతోంది అన్నాడు మేస్త్రీ."

"మరి దగ్గుతోందనే రాయాల. ఆడేటి సెప్తే అదే రాయి, నీ తెలివి రాయకు. బండి గురించి ఆడికి తెలిసినంత నీకు తెల్దు."

ఆ మాట పట్టుకున్నాను. ఆ తర్వాత నా కార్డుల మీద ఎవరి మాట వాళ్ళదే ఉండేది. మెకానిక్కులు నా కార్డు అంటే ఇష్టపడేవారు. అది మంచి పాఠమే, ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆ కార్డులు మెకానిక్కులు మాత్రమే చదవరని మేస్త్రికి తెలియదు. తెలియాల్సిన నాకు కూడా తట్టలేదు.

నూకరాజు

చీడికాడ హైస్కూల్లో నూకరాజు, నేను ఒకే బెంచీ. మా నాన్న అక్కడి మిషన్ స్కూల్లో మాస్టారు. మాది చర్చి, వాళ్ళది నూకాలమ్మ తల్లి. అయినా చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనే పిలుచుకునేవాళ్ళం. అతను తొమ్మిదో క్లాసులో చదువు మానేసి చెరకు తోటలోకి దిగాడు. నేను ఐటీఐ చదివి బళ్ళ కిందకి దూరాను.

అతని భార్య పార్వతికి గుండె జబ్బు. నెలకోసారి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చీడికాడ నుంచి ఒక బస్సు, అనకాపల్లిలో దిగి మళ్ళీ ఇంకో బస్సు. ఆ తోపులాటలో ఆవిడకి ఆయాసం వచ్చి రెండుసార్లు దారిలోనే పడిపోయింది. కారు కొనడం అతనికి సరదా కాదు. ఆవిణ్ణి ఆసుపత్రికి కూర్చోబెట్టి తీసుకెళ్ళాలి, అంతే. దాచుకున్నదంతా తీశాడు, చాలకపోతే ఎడ్ల జత కూడా అమ్మాడు.

కాగితాల ముందు కూర్చుని నా వైపు తిరిగాడు.

"బావా, ఈ వారంటీ ఏదో అంతన్నారు. నివ్వు సెప్పు. తీసుకోమంతావా, వద్దంతావా?"

"తీసుకో బావా. డీజిల్ పంపు లాంటిది పోతే నువ్వు తట్టుకోలేవు. ఇదుంటే నీకు చింత లేదు."

"నివ్వన్నావు, నాకు సాలు." ఎక్కడ సంతకం పెట్టాలో అడిగాడు. వేలు పెట్టి చూపించాను.

నేను అబద్ధం చెప్పలేదు, మనస్ఫూర్తిగానే చెప్పాను. నా తమ్ముడికైనా అదే చెప్పేవాణ్ణి. ఆ నెల ఎక్కువ వారంటీలు అమ్మించినందుకు నాకొక గోడ గడియారం ఇచ్చారు. అది నూకరాజు ఒక్కడి వల్ల వచ్చింది కాదు, కానీ అతనిది కూడా అందులో ఉంది.

పెళ్ళిళ్ళు

మా వైపు పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఎవరింట్లో కొత్త కారు ఉంటే, ఆ ఊరి పెళ్ళిళ్ళన్నిటికీ అదే పెళ్ళికొడుకు కారు. అడగడానికి వచ్చేవాళ్ళు చేతిలో పసుపు కుంకుమ, తమలపాకులు పట్టుకుని వస్తారు. కాదనడమంటే ఆ ఇంటితో చుట్టరికం తెంచుకున్నట్టే. అద్దె అనే మాట రాదు, వస్తే కొట్టుకుంటారు. పెళ్ళివారు బండికి పూలు కట్టుకుంటారు, డీజిల్ పోయిస్తారు, తిరిగి అప్పగించేటప్పుడు బండి యజమాని భార్యకి జాకెట్టు గుడ్డ, అరిసెలు ఇస్తారు. వెనకద్దం మీద అంటించిన వధూవరుల పేర్ల కాగితం మాత్రం ఎవరూ తియ్యరు. వాన వచ్చి తియ్యాల్సిందే.

నూకరాజు బండి రెండేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు చేసిందో నాకు తెలుసు. ఒక పెళ్ళికి నేనూ ఆ బండిలోనే కూర్చుని వెళ్ళాను. బాడుగకి తిప్పితే వారంటీ పోతుందని చివరి పేజీలో ఉన్న సంగతి కూడా నాకు తెలుసు. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు. పెళ్ళికి బండి ఇవ్వడాన్ని బాడుగ అంటారని అనకాపల్లి వైపు పుట్టినవాడికి ఎవడికి తోస్తుంది?

నేను రాసిన కార్డు

మూడో ఏడు, అంటే మేము అమ్మిన వారంటీ నడుస్తున్న ఏడు, బండి ఆసుపత్రి దారిలోనే ఆగిపోయింది. పార్వతిని ఆటోలో పంపించి నూకరాజు బండిని ట్రాక్టరుకి కట్టించుకుని తెచ్చాడు. చూడగానే తెలిసిపోయింది. డీజిల్ పంపు పోయింది, ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు కూడా పాడయ్యాయి. నాకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. నేను చెప్పిందే జరిగింది, వారంటీ ఉంది, ఇక చింత లేదు.

పంపు పోయిందంటే డీజిల్‌లో నీళ్ళో మడ్డో ఉండి ఉండొచ్చు, ఎక్కడ పోయించారని అడగాలి. అడిగాను.

"ఇదీ అని ఏటి సెప్పను బావా. ఈ రెండు నెలలూ బండి పెల్లిల్లకే తిరిగింది. పెల్లోరే డీజిల్ పోయించీవోరు. ఆలెక్కడ పోయించేరో నాకేటి తెలుసు?"

మేస్త్రి నేర్పినట్టే రాశాను. బండి పెళ్ళిళ్ళకి తిరిగింది, డీజిల్ పెళ్ళివారు పోయించారు. కింద అతని సంతకం, దాని పక్కన నా సంతకం. "వారం రోజుల్లో పంపు వస్తుంది, నిశ్చింతగా వెళ్ళు" అని నా స్కూటరు మీదే బస్టాండు దాకా దింపాను.

కంపెనీ తరఫు మనిషి వచ్చాడు. మన భాష రాదు. బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు. వెనకద్దం మీద సగం చిరిగిన పెళ్ళి కాగితం ఉంది, దానికీ ఫొటో తీశాడు. కార్డులో నేను రాసిన వాక్యాన్ని మా మేనేజరు చేత ఇంగ్లీషులో చెప్పించుకున్నాడు. నాలుగు రోజులకి జవాబొచ్చింది. బండిని ఇతరుల ఖర్చు మీద పెళ్ళి ట్రిప్పులకి తిప్పారు, అది బాడుగ కిందికి వస్తుంది, క్లెయిము చెల్లదు.

నేను రాయని ఉత్తరం

మేనేజరు విశాఖ నుంచి వచ్చినవాడు, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. చెడ్డవాడని చెప్పలేను. అతని గదిలోకి వెళ్ళి కోపంగానే అడిగాను.

"సార్, ఇది బాడుగ కాదు. మా వైపు ఆనవాయితీ. ఆ పెళ్ళిళ్ళలో ఒకదానికి నేనే వెళ్ళాను."

"నాకు తెలుసు శామ్యూల్ గారూ. కానీ రాసింది మీరే కదా."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఒకటుంది. ఆ బండి బాడుగకి తిరగలేదు, నాకు స్వయంగా తెలుసు అని మీ పేరుతో ఉత్తరం రాసివ్వండి. పైకి పంపుతాను, మళ్ళీ చూస్తారు. నేనేమీ ఆపను." మళ్ళీ అతనే అన్నాడు. "కానీ వాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి విచారిస్తారు. ఒక్క పెళ్ళివారు మేం ఏదో ఇచ్చాం అన్నా, తప్పుడు సాక్ష్యం మీదవుతుంది. ఇప్పటికే మన బ్రాంచి క్లెయిములు ఎక్కువని వాళ్ళ కంట్లో ఉన్నాం. ఆ తర్వాత నన్నడగొద్దు."

నాకు రిటైరుమెంటు ఇంకా నాలుగేళ్ళు. నూకరాజు ఎవరి దగ్గరా పైసా తీసుకోడని నాకు తెలుసు. కానీ జాకెట్టు గుడ్డ? అరిసెలు? అవి కూడా ఇచ్చినట్టే అంటే? మధ్యాహ్నం అన్నం వేళ ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాసి మడిచి జేబులో పెట్టుకున్నాను. మర్నాడు చొక్కా ఉతకబోతూ మా ఆవిడ దాన్ని తీసి నాకిచ్చింది. "ఏదో ముఖ్యమైన కాగితంలా ఉంది" అంది. ముఖ్యమైనది కాదన్నాను.

రెండు రోజులకి నూకరాజు వచ్చాడు. "ఏటైంది బావా?" అన్నాడు.

"ఒప్పుకోలేదు బావా. పెళ్ళిళ్ళకి తిప్పావని పట్టుకున్నారు. నేను ఉత్తరం కూడా రాశాను. వినలేదు."

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. అతను తన బండి కేసి చూశాడు. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నా కోసం నీ ఉజ్జోగం మీదికి తెచ్చుకోకు. నివ్వు రాసేవు, అది సాలు నాకు. ఆలు పెద్దోల్లు, ఆలితో నివ్వెక్కడ పడతావు?"

పై వారం మళ్ళీ వచ్చాడు, చేతిలో సీసాడు బెల్లం పాకంతో. వాళ్ళ గానుగ దగ్గర కాచింది. మా కోసం దెబ్బలాడేడు కదా అని పార్వతి పంపిందట. తీసుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళి తిన్నాం కూడా.

అతను పంపు మార్పించుకోలేకపోయాడు. బండిని ఉన్నది ఉన్నట్టు విశాఖ బ్రోకరుకి వచ్చిన ధరకి ఇచ్చేశాడు. క్రేను వచ్చి పట్టుకెళ్ళింది. కొన్నాళ్ళ తర్వాత బస్టాండులో మెట్టు మీద పార్వతి కనిపించింది. చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఊపిరి తీసుకుంటూ కూర్చుంది. నూకరాజు పక్కన లేడు, టిక్కెట్టు కోసం వెళ్ళాడేమో. నేను స్కూటరు ఆపలేదు. ఆపాలని చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళింది కూడా. కానీ ఆపలేదు.

తోడల్లుడు

మరుసటి ఏడు మాకవరపాలెం నుంచి ఒకాయన కొత్త కారు తీసుకోడానికి వచ్చాడు. పేరు అప్పలనాయుడు. కాగితాలు ముందు పెట్టగానే ఆయన సరాసరి నా టేబులు దగ్గరికి వచ్చాడు.

"శామ్యూలు గారంటే మీరేనాండి? నాను నూకరాజు తోడల్లుణ్ణి. మా ఓడు సెప్పేడండి. ఆ షోరూములో మా బావున్నాడు, నా కోసం కంపెనీతో దెబ్బలాడేడు, ఆడేటి సెప్తే కళ్ళు మూసుకుని అది సెయ్యి అన్నాడు. సెప్పండి, ఈ వారంటీ తీసుకోమంతారా?"

ఆ ఒక్క రోజు నా ఉద్యోగం సరిగ్గా చేశాను. వారంటీ పుస్తకం తీసి చివరి పేజీ మొదటి నుంచి చివరిదాకా ఆయనకి తెలుగులో చదివి చెప్పాను. మీరూ అలాగే చెయ్యండి. అరగంట పడుతుంది, మేనేజరు అద్దాల్లోంచి గుర్రుగా చూస్తాడు, ఆ నెల గడియారం రాదు. అయినా చదవండి. బండి బాగా తిప్పేవాడై, సర్వీసు తేదీలు తప్పని మనిషై, ఆ చివరి పేజీకి ఒప్పుకుంటే తీసుకోమనండి. ఒక్కటైనా కుదరకపోతే, ఆ డబ్బు రిపేరు కోసం విడిగా దాచుకోమనండి. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఇంతే.

"తీసుకోండి. కానీ పెళ్ళిళ్ళకి ఇవ్వకండి. చుట్టాలైనా సరే. ఇస్తే ఇది పనికిరాదు" అన్నాను.

ఆయన కలం మూత తీశాడు. తర్వాత, ఎలాంటి అనుమానమూ లేకుండా, తెలుసుకుందామని మాత్రమే అడిగాడు.

"ఈ మాట మా నూకరాజు బండి కొన్నప్పుడు కూడా సెప్పేరేటండి?"

హాల్లో సేల్స్ కుర్రాళ్ళు ఉన్నారు. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది.

"చెప్పాను. ఆయనే వినలేదు" అన్నాను.

అప్పలనాయుడు తల అడ్డంగా ఊపాడు. "ఆడంతేనండి. మొహమాటం మనిషి" అన్నాడు. సంతకం పెట్టి బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట మాకవరపాలెం నుంచి చీడికాడ వెళ్ళడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలియదు. వెళ్ళిందని మాత్రం తెలుసు. నూకరాజు ఆ తర్వాత నన్ను చూడడానికి రాలేదు. ఒకసారి సంతలో ఎదురుపడితే, "బాగున్నారాండి" అని పలకరించి పక్కకి తప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచి నన్ను అతను మీరు, అండి అనడం అదే మొదలు. అతను ఎవరితోనూ ఏమీ అనలేదు. ఊళ్ళో అందరూ ఇప్పటికీ నూకరాజు మొహమాటం వల్లే బండి పోగొట్టుకున్నాడని చెప్పుకుంటారు. నేను చెప్పలేదని నాకు కాక తెలిసినవాడు అతనొక్కడే.